200 గజాల ఇంటికి ఇన్సులేషన్: ప్రభుత్వ ప్రమాణం ఎంత, సాయం ఎంత

మీరు రాసిన దాని సారాంశం ఇది. ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల్లో కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ కడుతున్నారు. పై శ్లాబు వచ్చే నెలలో పడుతుంది. పై అంతస్తు వేసవిలో కుంపటి కాకుండా ఇన్సులేషన్ వేయించాలని ఉంది. ఇందుకు ప్రభుత్వ ప్రమాణం ఉందా, మున్సిపాలిటీ అడుగుతుందా, అమెరికాలో మీ అన్నయ్యగారికి దొరికినట్టు ఇక్కడ కూడా ఏదైనా రాయితీ దొరుకుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు. తెల్ల పెయింటు కొడితే చాలని మేస్త్రీ, ఫాల్స్ సీలింగ్ చేయించమని షాపువాళ్ళు అంటున్నారు.

ముందు పొట్టిగా చెప్తాను. ప్రమాణం ఉంది. మీ ఇంటికి అది తప్పనిసరి కాదు. రాయితీ లేదు. అయినా ఆ ప్రమాణంలో ఉన్న ఒక్క అంకెను పట్టుకుని మీ కాంట్రాక్టరు కాగితంలో రాయించుకోగలిగితే, రాయితీ లేని లోటు చాలావరకు తీరుతుంది. నేను పాతికేళ్ళకు పైగా భవన నిర్మాణంలో ఉన్నాను. గత పదేళ్ళుగా పెద్ద అపార్ట్‌మెంట్ల ప్లాన్లు ఎనర్జీ కోడ్‌కు సరిపోతున్నాయో లేదో లెక్క చూడటమే నా పని. అందుకని కొంచెం లెక్కలు వస్తాయి, ఓపిక పట్టండి.

చట్టం సంగతి మొదట. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద కేంద్రంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఏసీలు, ఫ్రిజ్‌ల మీద స్టార్ గుర్తులు వేసేది వీళ్ళే. 2007లో వీళ్ళు వాణిజ్య భవనాలకు ఒక ఎనర్జీ కోడ్ తెచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014లో తన నిబంధనల్లోకి తీసుకుంది. ఇళ్ళకు మాత్రం 2018 డిసెంబరు దాకా ఏమీ లేదు. అప్పుడు వచ్చినదే ఎకో నివాస్ సంహిత. ఇల్లు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో గోడలకు, కిటికీలకు, పైకప్పుకు విడివిడిగా హద్దులు పెట్టింది. కానీ 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే నివాస భవనాలకే అని రాసుకుంది. 2022లో చట్టాన్ని సవరించి నివాస భవనాలను కూడా అందులోకి తెచ్చారు కానీ, అక్కడా 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ అనే గీత ఉంది. మీ ఇంటికి ఐదో ఆరో కిలోవాట్లు ఉంటాయి. పైగా కోడ్ రాసేది కేంద్రమైనా, భవన నిబంధనల్లో చేర్చుకుని అమలు చేయవలసింది రాష్ట్రం.

తెలంగాణలో దీనికి తోడు కూల్ రూఫ్ (ఎండను తిప్పి కొట్టి తక్కువ వేడెక్కే కప్పు) విధానం ఉంది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2028 వరకు. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచాలి, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు విస్తీర్ణంతో పని లేకుండా తప్పనిసరి. ఇళ్ళయితే 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో తప్పనిసరి, ఆ లోపు మీ ఇష్టం. ఈ 600 గజాలు ఎక్కడి నుంచి వచ్చిందా అనుకోకండి. గుణించి చూస్తే అది దాదాపు 500 చదరపు మీటర్లే. అంటే రెండు చోట్లా గీత ఒక్కచోటే పడింది. మనలో ఎక్కువమంది కట్టుకునే 150, 200, 267 గజాల ఇళ్ళన్నీ ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి. ఎండ అందరి నెత్తినా ఒకేలా కాస్తుంది గాని, కోడ్ మాత్రం గజాలు చూసి వస్తుంది. ఈ మాట నేను సమావేశాల్లోనూ అన్నాను, ఇక్కడ అనడానికి మొహమాటం లేదు. కనుక మున్సిపాలిటీ మిమ్మల్ని దీని గురించి అడగదు.

ఇక మీ అన్నయ్యగారి రాయితీ. అమెరికాలో ఇన్సులేషన్ వేయించుకుంటే ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్లకు మించకుండా, ఫెడరల్ ఆదాయపు పన్నులో తగ్గించేవారు. అది కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది. అక్కడ ఇన్సులేషన్ అంటే ప్రధానంగా చలి సంగతి. లోపల 20 డిగ్రీలు, బయట సున్నాకు దిగువ. నెలల తరబడి హీటరు నడవాలి. అందుకే అటకలో ఆర్-38, ఆర్-49 అని మందపాటి పరుపులు పరుస్తారు. ఆర్ విలువ అంటే వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఎంత ఎక్కువైతే అంత మంచిది. మీ అన్నయ్యగారు ఫోనులో "ఆర్-38 వేయించు" అంటే ఇక్కడి షాపులో ఆ అంకె చెప్పకండి. వాళ్ళది అడుగులు, ఫారన్‌హీట్ల లెక్క, మనది మీటర్లు, సెల్సియస్‌ల లెక్క. వాళ్ళ ఆర్ విలువను సుమారు 5.7తో భాగిస్తే మనది వస్తుంది. ఈ తేడా తెలియక ఒక ఇంట్లో కొటేషన్ల మీద పెద్ద గొడవే జరగడం చూశాను.

మన దగ్గర ఇన్సులేషన్ పేరుతో ఇంటి యజమానికి నేరుగా చేతికొచ్చే డబ్బు లేదు. అయితే పక్కదారిన వచ్చేది ఒకటి ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అంకె. పైకప్పు యు విలువ 1.2కు మించకూడదు అంటుంది సంహిత. యు విలువ అంటే, బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దిగుతుందన్నది. ఎంత తక్కువైతే అంత మంచిది. మీరు వేయబోయే ఆరంగుళాల శ్లాబు, దాని కింద ప్లాస్టరింగ్ కలిపి లెక్కిస్తే యు విలువ 3 దాకా వస్తుంది. అంటే ప్రభుత్వం గరిష్ఠంగా ఒప్పుకునే దానికి రెండున్నర రెట్లు. మందంగా ఉంది కదా, వేడి ఆపుతుందిలే అనుకుంటాం. కాంక్రీటు వేడిని ఆపదు, దాచుకుంటుంది. పగలంతా దాచుకున్నది రాత్రి పడుకునే వేళకు మన మీద దించుతుంది. పై అంతస్తులో ఫ్యాన్ వేస్తే వడగాలి కొట్టేది అందుకే. రాయలసీమ మట్టి మిద్దెల కింద మధ్యాహ్నం నిద్రపట్టేదంటే, ఆ కప్పు మీద అంత మందాన మట్టి పరిచి ఉండేది కనుక. శ్లాబు వచ్చి ఆ మందాన్ని తీసేసింది.

ఎంత వేడి అన్నది కాగితం మీద చూద్దాం. మే నెల మధ్యాహ్నం శ్లాబు పైభాగం 60 డిగ్రీలు, గది 35 డిగ్రీలు అనుకోండి. మీది 1,000 చదరపు అడుగుల కప్పు అనుకుంటే, అలాగే ఉండిపోతే దాదాపు ఏడు కిలోవాట్ల వేడి లోపలికి దిగుతుంది. ఒక టన్ను ఏసీ గదిలోంచి లాగేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే రెండు టన్నుల ఏసీ కేవలం మీ కప్పుతో కుస్తీ పట్టడానికే సరిపోతుంది. అదే శ్లాబు మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (థర్మకోల్ జాతిదే, ఇంకా గట్టి నురుగు) షీటు పరిస్తే ఆ ఏడు, ఒకటీ పావు అవుతుంది. నిజ జీవితంలో శ్లాబు వేడెక్కడానికి గంటలు పడుతుంది, సాయంత్రానికి ఎండ తగ్గుతుంది కనుక ఇంత కచ్చితంగా ఉండదు. కానీ నిష్పత్తి మాత్రం ఇదే.

నిజానికి 1.2 అనేది కఠినమైన ప్రమాణమేమీ కాదు. యు విలువను తిరగేస్తే, అంటే ఒకటిని దానితో భాగిస్తే, ఆర్ విలువ వస్తుంది. అలా అమెరికా లెక్కలోకి మారిస్తే 1.2 అన్నది ఆర్-5 కూడా కాదు. ఒక అంగుళం మంచి థర్మకోల్ వేసినా ఆ ప్రమాణాన్ని అందుకుంటారు, యు విలువ ఒకటి దగ్గరకు వస్తుంది. నేనైతే మీలాంటి ఇంటికి రెండంగుళాలు చెప్తాను. మొదటి అంగుళం కూలీ, స్క్రీడు (షీటు మీద పోసే సిమెంటు పొర), టైల్స్ ఎలాగూ పెట్టిస్తుంది. రెండో అంగుళానికి షీటు ధర తప్ప అదనపు ఖర్చు లేదు. అప్పుడు యు విలువ దాదాపు 0.55 అవుతుంది.

షీటు కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరిచి ఉండాలి. ఇక్కడ నా సొంత కథ చెప్పాలి. 2008లో హనుమకొండలో మా ఇంటి మీద నేనే థర్మకోల్ పరిపించాను. ఇంజినీరు ఇల్లు కదా, మంచి సరుకే ఇస్తాడని వ్యాపారిని నమ్మాను. 20 సాంద్రత, అంటే ఘనపు మీటరుకు 20 కిలోలు అన్నాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి ట్యాంకు వైపు నడిచే దారిలో స్క్రీడు నెర్రెలిచ్చింది, నీళ్ళు దిగాయి. పగలగొట్టి చూస్తే షీటు అప్పడంలా అణిగిపోయి ఉంది. మిగిలిన ముక్కలను కిరాణా కొట్టు త్రాసులో తూచాను. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న షీటు, 20 సాంద్రత అయితే అరకిలో తూగాలి. నాది పావుకిలో తూగింది. బిల్లులో సాంద్రత రాయించుకోలేదు కనుక అడిగే మొహం కూడా లేకపోయింది.

ఆ అరకిలో లెక్క గుర్తుంచుకోండి, షాపులోనే తూచి చూడవచ్చు. థర్మకోల్‌కు ఐఎస్ 4671 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో ఘనపు మీటరుకు 15 నుంచి 35 కిలోల దాకా సాంద్రతలు చెప్పారు, నిప్పు తగిలితే తనంతట తాను ఆరిపోయే రకాన్ని వేరుగా గుర్తించారు. ఆ రకమే అడగండి. పఫ్ అని అమ్మే పాలీయురేథేన్ నురుగు షీట్లకు ఐఎస్ 12436 ఉంది. ఐఎస్ఐ గుర్తు చూపించమంటే కొందరు సెల్ ఫోనులో ఏదో బొమ్మ చూపిస్తారు. షీటు మీద, బిల్లు మీద ఉండాలి గాని ఫోనులో కాదు. కప్పు మీద మనుషులు నడుస్తారు, బట్టలు ఆరేస్తారు, అప్పడాలు పెడతారు కనుక నేను ఎక్స్‌పీఎస్‌నే ఎంచుకుంటాను. గట్టిది, నీళ్ళు పీల్చదు. ధర ఎక్కువే, కానీ మళ్ళీ పగలగొట్టే ఖర్చుకంటే తక్కువ.

వేసే వరస ముఖ్యం. శ్లాబు క్యూరింగ్ పూర్తయ్యాక వాటర్ ప్రూఫింగ్ చేయించి, కప్పు మీద నీళ్ళు కట్టి మూడు రోజులు వదిలేయండి. కింద చెమ్మ కనబడకపోతేనే ముందుకు వెళ్ళాలి. దాని మీద ఎక్స్‌పీఎస్ షీట్లు కీళ్ళు కలవకుండా, ఇటుకల వరసల్లాగా పరిచి, పైన ఒక గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ వేసి, కోడి వల పెట్టి రెండంగుళాల స్క్రీడు పోయాలి. స్క్రీడులో అక్కడక్కడ గీతలు వదలాలి, లేకపోతే ఎండకు అదే పగులుతుంది. చివరగా తెల్ల టైల్స్. ఈ స్క్రీడు ఒక్కటే చదరపు మీటరుకు 115 కిలోల బరువు వేస్తుంది. అందుకే ఈ మాట శ్లాబు పడకముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చెప్పాలి. పిట్టగోడ ఎత్తు, తూముల మట్టం, మెట్ల గది గడప ఎత్తు కూడా ఇప్పుడే పెంచుకోవాలి. మొత్తం మీద కప్పు నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఇవన్నీ కట్టేశాక గుర్తుకొస్తే ఏమీ చేయలేరు.

మేస్త్రీ చెప్పిన తెల్ల పెయింటును నేను తీసిపారేయను. హైదరాబాద్‌లోనే 2017లో దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ మీద ప్రయోగంగా తెల్లటి కూల్ రూఫ్ పొర వేస్తే, లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఏసీ కొనలేని ఇంట్లో రెండు డిగ్రీలంటే చిన్న విషయం కాదు. కానీ పెయింటు ఎండను తిప్పి కొడుతుంది, అంతే. మన దుమ్ముకు ఏడాది తిరిగేసరికి గోధుమ రంగుకు వస్తుంది. కడగాలి, రెండు మూడేళ్ళకు మళ్ళీ వేయాలి. అసలే డబ్బు లేకపోతే సున్నం కొట్టండి, అదీ పని చేస్తుంది. ఇప్పుడు కొత్తగా కడుతున్నారు కనుక మీకు రెండూ కావాలి: పైన తెలుపు, కింద ఇన్సులేషన్. తెల్ల టైల్స్ వేస్తే పెయింటు ఖర్చు ఉండదు.

ఫాల్స్ సీలింగ్ సలహా మాత్రం మీకు నప్పదు. అది కప్పు మీద హక్కు లేని అపార్ట్‌మెంట్ వాళ్ళకు. కింద ఎన్ని పొరలు కట్టినా శ్లాబు పైన ఎండలో మాడుతూనే ఉంటుంది. పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది, పిట్టగోడ మొదట్లో పగులుతుంది. ఇన్సులేషన్ పైన ఉంటే శ్లాబే నీడపట్టున ఉంటుంది. పైగా ఫాల్స్ సీలింగ్ అంటే ఎలుకలకు ఇల్లు కట్టి ఇవ్వడమే.

పక్కదారి సాయం అన్నాను కదా. పీఎం సూర్యఘర్ కింద ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకుంటే రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. ప్యానెళ్ళు కరెంటుతో పాటు నీడ కూడా ఇస్తాయి. ఆ నీడ పడ్డంత మేర కప్పుకు నేరుగా ఎండ తగలదు. నా దగ్గరకు వచ్చేవాళ్ళకు ఒకటే చెప్తాను: ప్యానెళ్ళను పడమటి పడకగది మీదికి వచ్చేలా అమర్చమనండి, అయితే ఆ చోటుకు మధ్యాహ్నం ఏ చెట్టు నీడా, ట్యాంకు నీడా పడకూడదు. ఇంకో జాగ్రత్త. ప్యానెళ్ళ స్టాండు కాళ్ళకు కావలసిన దిమ్మెలు వాటర్ ప్రూఫింగ్‌కు ముందే కట్టించండి. అన్నీ అయ్యాక వాళ్ళు వచ్చి డ్రిల్లింగ్ చేస్తే మన పొరలన్నీ జల్లెడే.

గోడల గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకపోతే సగమే చెప్పినట్టు. సంహితలో గోడలు, కిటికీలు కలిపి ఆర్‌ఈటీవీ అనే లెక్క ఒకటి ఉంది. చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ యు విలువ దాదాపు 2, ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలికగా ఉండే సిమెంటు బ్లాకు) గోడది 0.8 లోపే. ఏఏసీకి ఇన్సులేషన్ వేరుగా అక్కర్లేదు. అయితే ఈ లెక్కలో గోడను మించి దెబ్బ తీసేది కిటికీ అద్దం. పడమటి వైపు ఆరడుగుల స్లైడింగ్ కిటికీ పెట్టి, సజ్జ అడుగున్నరతో ఆపేస్తే, గోడకు ఏం చేసినా వృథాయే. సాయంత్రం ఎండ పక్క నుంచి వస్తుంది, సజ్జ దాన్ని ఆపలేదు. అక్కడ కిటికీ చిన్నది చేసి బయట వెదురు తడికో, చెక్క తలుపో పెట్టండి. లోపలి కర్టెను లెక్కలోకి రాదు. అద్దం దాటిన ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే. బ్యూరో వాళ్ళ ఎకో నివాస్ వెబ్‌సైటులో ఈ లెక్క ఉచితంగా చేసుకునే సాధనం ఉంది, మీ ఆర్కిటెక్టు చేత కొలతలు వేయించి చూడండి.

విజయవాడ, విశాఖ, కాకినాడ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. పైకప్పు అంకె మీకూ అదే. కానీ మీది ఉక్కపోత వాతావరణం కనుక, తెరుచుకునే కిటికీల విస్తీర్ణం గదుల నేల విస్తీర్ణంలో ఆరో వంతుకు తగ్గకూడదంటుంది సంహిత. హైదరాబాద్‌కు ఎనిమిదో వంతు చాలు. కోస్తాలో గాలి ఆడని ఇంటికి ఎంత ఇన్సులేషన్ వేసినా చెమట తగ్గదు. హైదరాబాద్ వాళ్ళయితే పగలు పది నుంచి ఆరు దాకా కిటికీలు మూసి, రాత్రి బార్లా తెరవాలి. పగలంతా తలుపులు తీసి పెట్టి, ఇన్సులేషన్ పని చేయలేదని నాకు ఫోను చేసినవాళ్ళు ఉన్నారు.

చివరగా కాంట్రాక్టు. "మంచి ఇన్సులేషన్ వేయాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఇలా రాయించండి: "పైకప్పు మొత్తం అమరిక యు విలువ 1.2కు మించకూడదు, 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ శ్లాబు పైభాగాన వేయాలి, సాంద్రత, ఉష్ణ వాహకత చూపే తయారీదారు పరీక్షా పత్రం సరుకుతో పాటు ఇవ్వాలి, వాటర్ ప్రూఫింగ్ తర్వాత నీటి పరీక్ష యజమాని సమక్షంలో జరగాలి, ఆ తర్వాతే ఈ పద్దు బిల్లు." చిన్న కాంట్రాక్టరయితే యు విలువ అంటే ఏమిటని అడుగుతాడు. పరీక్షా పత్రం ఇవ్వగలిగితే చాలని చెప్పండి, మిగతాది ఆర్కిటెక్టు చూసుకుంటారు. పత్రం ఇవ్వలేనంటే ఆ పని వేరే వాళ్ళకు ఇవ్వండి, శ్లాబు వరకు అతని చేతనే చేయించుకోవచ్చు.

శ్లాబుకు నెల రోజులే ఉందన్నారు కనుక ఈ వారంలోనే స్ట్రక్చరల్ ఇంజినీరును కలవండి. అదనపు బరువు సంగతి, తూముల మట్టం సంగతి అడగండి. ప్లాను, కిటికీల కొలతలు ఇక్కడ పెడితే పడమటి గది లెక్క నేనే వేసి చెప్తాను. ట్యాంకు ఎక్కడ పెడుతున్నారో కూడా రాయండి.